కడిగిన మోకాలు

మొన్న మా వీధి చివరింటి మేస్టారి భార్య బ్లౌజు కొలతలివ్వడానికి వచ్చి, మాటల్లో మాటగా అడిగింది. మీ అమ్మగారు మోకాలికి కెమెరా ఆపరేషన్ చేయించుకున్నారట కదా, నన్నూ చేయించుకోమంటున్నారు, మంచిదేనంటారా అని. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఆ 'మంచిదేనంటారా' అన్న మాట మీద. డాక్టర్ని అడగండి, ఆయన చాలకపోతే ఇంకో డాక్టర్ని అడగండి, నన్ను మాత్రం అడక్కండి అని విసురుగా అనేశాను. ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. పాపం, ఆవిడకేం తెలుసు. ఆ మాటే మా గుమ్మంలో ఒక మనిషిని అడిగితే ఏమయిందో కళ్లారా చూసినదాన్ని నేను.

ఆ మనిషి పేరు నాకిప్పటికీ తెలీదు. మేమంతా సేపలప్ప అనేవాళ్లం. అప్ప అంటే మా వైపు అక్క. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు ఊరినుంచి ఆడవాళ్లంతా కలిసి ఒక ఆటోలో చీపురుపల్లి వచ్చి, స్టేషన్ రోడ్డులో దిగి, గంపలు నెత్తికెత్తుకుని తలో వీధికీ వెళ్లిపోయేవారు. మా వీధి ఆమెది. ఒకసారి పేరేంటని అడిగితే, పేరు పెట్టి పులుసు వండుకుంటావేటి గుంటా అంది. నాకప్పటికే నలభై దాటాయి. అయినా ఆమెకి నేను గుంటనే, అంటే చిన్నపిల్లనే. మా అమ్మని అప్పా అని పిలిచేది, మా అమ్మా ఆమెని అప్పా అనే పిలిచేది. ఇద్దరిలో పెద్దదాన్నని ఒప్పుకునే మనిషి లేదు మరి.

ఆమె వస్తున్నట్టు కేక కన్నా ముందు వాసన చెప్పేది. చేపల వాసన కాదు, చుట్ట వాసన. నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. నోట్లో నిప్పు పెట్టుకుని అంత తాపీగా ఎలా మాట్లాడుతుందా అని నా కూతురు చిన్నప్పుడు ఆమె నోరే చూస్తూ కూర్చునేది. గంప దించి, గోనెపట్టా తీసి, రెండు పాదాల మీదా గొంతుకు కూర్చుని, కత్తిపీట కాళ్ల మధ్య నొక్కిపెట్టి, ఇక ఆ వీధికంతటికీ తనే పెద్దన్నట్టు చుట్టూ చూసేది.

చేపలమ్మే వాళ్లందరూ చెప్పే మాట ఒకటుంటుంది, ఇప్పుడే వల్లోంచి తీశాం అని. ఆ మాట ఈమె నోట నేను వినలేదు. మా అమ్మ గంప మీదకి వంగి, "మంచిదేనా అప్పా" అనేది. ఆమె వెంటనే చెప్పేది కాదు. ఆ చేప మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఊరుకునేది. ఆ తర్వాత చెప్పేది. ఇవి నిన్న సాయంత్రం వల్లో పడ్డవి, పులుసుకి లొంగుతాయి, వేపుడుకి లొంగవు అనేది. ఇది మీకొద్దు, ముల్లెక్కువ, మీ గుంట తినలేదు అనేది. ఒక్కోసారి, అప్పా ఈ రోజు నా దగ్గర కొనకు, హార్బరు ఐసు చేప కలిసిపోయింది, మంచిదని నా నోటితో అనలేను అని గంప ఎత్తుకుని ముందుకెళ్లిపోయేది. వ్యాపారం చేసే తీరేనా ఇది అని నేను లోపల విసుక్కునేదాన్ని. కానీ ఆ వీధిలో ఏ ఇంటావిడకీ చేప మొప్పలెత్తి చూసుకోవడం తెలీదు. ఆమె ఉండగా ఆ అవసరం రాలేదు. మా అమ్మ అయితే డబ్బులు ముందే చేతిలో పెట్టుకుని కూర్చునేది, చేప వైపు చూసేది కాదు, ఆమె మొహం చూసేది.

ఆమెకి మోకాళ్ల నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలీదు గానీ, తెలిసేనాటికే లేవడం ఒక తతంగం అయిపోయింది. ముందు ఒక చెయ్యి మా గేటు మీద, రెండో చెయ్యి తొడ మీద, తర్వాత ఓలమ్మా అని ఒక పిలుపు, అప్పుడు లేవడం. ఎడమ మోకాలిని పెద్దకోడలు అనేది, కుడిదాన్ని చిన్నకోడలు. ఇంట్లో ఉన్నది ఒక్క కోడలే, ఆ పిల్ల నోరెత్తదు, ఆ లోటు తీర్చడానికే ఈ ఇద్దర్నీ దేవుడు కింద పెట్టాడు అనేది. పొద్దున్న ఆటో దిగేటప్పుడు పెద్దకోడలు ఏం సాధించిందో, స్టేషన్ వంతెన మెట్లు దిగేటప్పుడు చిన్నది ఎలా ఎదురు తిరిగిందో గంప దించుతూనే చెప్పేది. ఎక్కడం పరవాలేదు, దిగడమే చావు అనేది. మా అమ్మకీ అదే బాధ కాబట్టి ఇద్దరూ మోకాళ్ల గురించి అరగంట మాట్లాడుకునేవారు. మా ఇంట్లో పెళ్లి సంబంధాల గురించి కూడా అంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడుకోలేదు.

ఒకరోజు నా చెయ్యి లాక్కుని తన మోకాలి చిప్ప మీద పెట్టించి, కాలు మడిచి చాపింది. అరచేతి కింద కరకరమంది. ఇసకన్నం నమిలినట్టుంది కదూ అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం భయం వేసి చెయ్యి తీసేసుకున్నాను. అప్పుడామె మొహం కొంచెం మారింది. కూకోలేకపోతే కత్తిపీట లేదు, కత్తిపీట లేకపోతే ఎవరూ కొనరు, ఇంటికి తీసికెళ్లి చేప కోసుకునే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది అంది. "ఈ సిప్ప అరిగిపోతే ఆ సిప్ప సేతికొచ్చీస్తాది గుంటా" అని అరచెయ్యి చిప్పలా పట్టి అడుక్కున్నట్టు చూపించింది. వీధిలో అందరూ నవ్వారు. ఆమే ముందు నవ్వింది. ఆ రోజు ఆమె మా గేటు పట్టుకుని లేవడం మాత్రం నాకు చూడబుద్ధి కాలేదు.

మాత్రలు మింగింది, తైలాలు రాసింది, సూదులు వేయించుకుంది. చివరికి కొడుకు విజయనగరం తీసుకెళ్లి ఒక ఎముకల డాక్టరుకి చూపించాడు. కొన్నాళ్లు కనబడలేదు. మా వీధికి ఇంకెవరో రావడం మొదలుపెట్టారు, మా అమ్మ వాళ్ల దగ్గర కొనకుండా పప్పు వండిస్తూ వచ్చింది. ఒకనాడు పొద్దున్నే చుట్ట వాసన వచ్చింది. నేను మిషను ఆపి బయటికొచ్చేసరికి ఆమె గంప దించి, ఏ గేటూ పట్టుకోకుండా, చెయ్యి నడుం మీద పెట్టుకుని, గొంతుకు కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఆస్పత్రిలో మోకాలికి ఆపరేషన్ చేశారట, నడుం కింద మత్తు ఇచ్చారు గానీ తెలివిలోనే ఉందట. రెండు బెజ్జాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో తన చిప్ప తనకే చూపించారట.

ఆ ముచ్చట ఆమె చెబుతుంటే వినాలి. జీవితమంతా చేపల పొట్టలు చీల్చినదాన్ని, నా లోపల ఎలా ఉంటుందో ఎప్పుడూ అనుకోలేదు అంది. చిప్ప వెనక తెల్లగా, పీచులు పీచులుగా, గీకేసిన కొబ్బరి చెక్క లోపలిలా ఉందట. ఆ పీచంతా వేలాడుతోందట. నీళ్లు పెట్టి కడిగారట. కడుగుతుంటే పీచు కొట్టుకుపోవడం టీవీలో చూసిందట. మోకాలికి అటూ ఇటూ ఉన్న రెండు చిన్న మచ్చలు చీర ఎత్తి చూపిస్తూ, "సుబ్బరంగా కడిగీసినారు అప్పా, నాను కళ్లతో సూసినాను" అంది మా అమ్మతో. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఆ మచ్చలు చూపించేది. కొన్నాళ్లకి మా వీధిలో దానికి సేపలప్ప ఆపరేషన్ అనే పేరొచ్చింది.

మా అమ్మకి ఆశ పుట్టింది. ఆశ పుట్టాక మా అమ్మని ఆపడం ఎవరి తరం. మాది వరి పండించే ఇల్లు. అమ్మ నడుం వంచి నాట్లేసిన మనిషి, ఊరొదిలి నా దగ్గరికొచ్చాక పెరట్లో చిన్న కూరమడి వేసుకుని అందులోనే బతికేది. గొంతుకు కూర్చుని కలుపు తీయలేకపోతున్నానని ఆమె బాధ. కుర్చీలో కూర్చోబెట్టిన మనిషీ గోడకి తగిలించిన పటమూ ఒకటే అనేది. నేను అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన మంచిగానే చెప్పాడు. చిప్ప వెనక గుజ్జు గరుకెక్కింది, ముందు కొన్నాళ్లు తొడ గట్టిపడే వ్యాయామం చేయండి, కాలు చాపి మడమ ఎత్తి పట్టుకోండి, తగ్గకపోతే కెమెరా పెట్టి ఊడిన ముక్కలు తీసి కడుగుతాం, దానివల్ల కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి కొన్నాళ్లే, అరుగుదల మాత్రం వెనక్కి రాదు, ఆపరేషన్ అయినా కాకపోయినా కింద గొంతుకు కూర్చోకండి అన్నాడు. ఇంతకన్నా ఏ డాక్టరు చెబుతాడు. నేను విన్నాను. మా అమ్మ ఆయన చెబుతున్నంతసేపూ గోడ మీద ఎముకల బొమ్మ చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక నేను దెబ్బలాడాను. ముందు వ్యాయామం చెయ్యి, చేసి చూద్దాం అన్నాను. మా అమ్మ అంది కదా, ఆయన ఆపరేషన్లు చేసుకుని బతికేవాడు, ఆయన మాట ఏటి వింటాం, ఆ అప్పకి దీన్లో ఏం లాభం ఉంది, ఆమెనే అడుగుతాను అని. మర్నాడు గంప దిగగానే అడిగింది. చేపని అడిగినట్టే అడిగింది. మంచిదేనా అప్పా అని. ఆమె తన మోకాలి మీద అరచెయ్యి పెట్టింది, అచ్చు చేప మీద పెట్టినట్టే. కాసేపు ఊరుకుంది. ఆ తర్వాత అంది, "మంచిదే. నా మోకాలు సూస్తన్నావు గదా. కళ్లు మూసుకుని ఎల్లు."

అమ్మ వెళ్లింది. రెండు బెజ్జాలు, టీవీ, కడగడం, అన్నీ అయ్యాయి. కొన్నాళ్లు నిజంగానే బాగుంది, కాదనను. ఆ ఎండాకాలం అమ్మ కూరమడిలో మళ్లీ గొంతుకు కూర్చుని పాలకూర మధ్య గడ్డి పీకింది. శ్రీకూర్మం తీసుకెళ్తే నా చెయ్యి పట్టుకోకుండా గుడి చుట్టూ తిరిగింది, నాకన్నా ముందు నడిచింది, వెనక్కి తిరిగి నన్ను ఎకసెక్కెం చేసింది. వ్యాయామం మాత్రం చేయలేదు. నయమైపోయిన కాలికి కసరత్తు ఎందుకేటి అనేది.

వానలు పడ్డాక అమ్మ మోకాట్లో ఆ ఇసక కరకర మళ్లీ వచ్చింది. అమ్మ చెప్పలేదు. నేనే కనిపెట్టాను, కూరమడి దగ్గరకి పీట వేసుకుంటోంది, ఆ పీట మీంచి లేవడానికి జామచెట్టు కొమ్మ పట్టుకుంటోంది. అడిగితే చలిగాలికి అంది. ఇంకోసారి అడిగితే కోప్పడింది. మూడోసారి మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుని, సేపలప్పకి చెప్పకు, ఆమె బాధపడతాది అంది. ఇదేం చోద్యమమ్మా, నీ కాలు నొప్పెడితే ఆమెకి చెప్పకూడదేంటి అన్నాను. నువ్వూరుకో, నీకు తెలీదు అంది.

కానీ ఆ రోజుల్లోనే ఆమె పద్ధతీ మారింది. ఇదివరకులా మా గేటు ముందు కూర్చోవడం లేదు. గంప గోడ మీద దించి నిలబడే అమ్ముతోంది. ఏమంటే, తొందరగా వెళ్లాలి, ఆటో వెళ్లిపోతుంది అంటుంది. కోసిమ్మంటే, మీరే కోసుకోండి, కత్తిపీట తేలేదు అంటుంది. మాట్లాడుతున్నప్పుడు ఒక కాలి మీద బరువు వేసి, రెండో కాలు వేలి మీద ఆనించి నిలబడేది. నా మిషను కిటికీ దగ్గరే ఉంటుంది కాబట్టి నాకు అన్నీ కనబడేవి. అమ్మ లోపల దాస్తోంది, ఆమె బయట దాస్తోంది. మధ్యలో నేను రెండువైపులా చూస్తూ గుండీలు కుట్టుకుంటున్నాను. నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. డాక్టరు ఉన్నదే చెప్పాడు. ఈమె చూసిందే చెప్పింది. అమ్మ నమ్మినవాళ్లనే నమ్మింది. తప్పు చేసిన మనిషి ఒక్కరైనా ఉంటే తిట్టుకుని అయినా స్థిమితపడేదాన్ని.

ఒకరోజు చందువాలు తెచ్చింది. పెద్దవి. అమ్మకి ఆ చేపంటే ప్రాణం. అలవాటుకొద్దీ, ఇక్కడే కోసి ఇయ్యి అప్పా, కత్తిపీట మా ఇంట్లో ఉంది అంది. ఆమె తటపటాయించి, మాట మార్చడానికేమో, నీ కాలెలాగుంది అని అడిగింది. అమ్మ, బాగుంది బాగుంది, భేషుగ్గా ఉంది అంటూ, అది చాలదన్నట్టు అక్కడే గేటు ముందు గొంతుకు కూర్చుని చూపించింది. అమ్మ అలా కూర్చున్నాక ఆమె నిలబడి ఎలా ఉంటుంది. కత్తిపీట తెప్పించి, తనూ ఎదురుగా కూర్చుంది. చందువాలు కోసింది. కోయడం అయిపోయింది. ముక్కలు గిన్నెలో వేసింది. అమ్మ ఆమె కొడుకు గురించి అడిగింది, ఆమె చెప్పింది. ఆమె మా పొలం గురించి అడిగింది, అమ్మ చెప్పింది. సముద్రం గురించీ, వానల గురించీ, మా వీధిలో వేయబోయే సిమెంటు రోడ్డు గురించీ మాట్లాడుకున్నారు. నీడ జరిగిపోయి ఎండ వాళ్ల మీదకొచ్చింది. అయినా ఇద్దరూ లేవలేదు.

నాకు మొదట నవ్వొచ్చింది. నువ్వు లెగు అంటే నువ్వు లెగు అని ఒకరినొకరు అనుకుంటున్నారు, గుంటలు ఆడుకున్నట్టు. తర్వాత ఆమె మొహం మీద చెమట చూశాను. అది ఎండ చెమట కాదు. అమ్మ పెదవి కొరుక్కుంటోంది. నేను మిషను వదిలి పరిగెత్తాను. ఆమె నా వైపు చూసి, చాలా మెల్లగా, "గుంటా, ముందు మీ అమ్మని లేపు" అంది.

అమ్మని చంకల కింద చేతులేసి లేపాను. అమ్మ అరిచిన అరుపు పక్కింటివాళ్లకి కూడా వినబడుంటుంది. తర్వాత ఆమెని లేపాను. బరువు మనిషి, నా భుజం మీద పడిపోయింది. ఇద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. నీకెప్పట్నించి అని ఆమె అడిగింది. వానలప్పట్నించి అని అమ్మ చెప్పింది. మరి నీకో అని తిరిగి అడిగింది.

ఆమె గ్లాసు కింద పెట్టి, నేలచూపులు చూస్తూ చెప్పింది. "నువ్వు ఆస్పత్రికెల్లిన ముందు వారమే నాకు కరకర మళ్లీ మొదలైనాది అప్పా. సలికేమో, తగ్గిపోద్దేమో అనుకున్నాను. సెప్పీద్దామని మీ గుమ్మం వరకూ వచ్చినాను. నువ్వు సంచి సద్దుకుంటన్నావు. నవ్వుతన్నావు. నా నోరు రాలేదు."

అప్పుడన్నమాట, ఆ మనిషి ఏడవడం నేను మొదటిసారి చూశాను. ఏడుస్తూ చెప్పింది, చేపలమ్మేవాళ్లలో మురిగిన చేపని నీళ్లు పోసి కడిగి గంపలో పైన పేర్చే వాళ్లుంటారని, వాళ్లని తను నడిరోడ్డు మీద తిట్టిపోసేదని. కడిగితే పైన తెల్లబడుతుంది, లోపల మురుగు పోతుందా, వలలోంచి వచ్చిన చేపని ఎవరూ కడగరు, ఇసకతో జిగురుతో అలాగే తెస్తారు, కడిగిందీ అంటేనే అనుమానించాలి, ఇవన్నీ పాలు తాగే నాటినుంచి తెలిసినదాన్ని, నా మోకాలు కడిగారంటే మాత్రం నమ్మేశాను అంది. "నాను నీకు కడిగిన సేప అమ్మీసినాను అప్పా" అంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చందువాలు ఎవరూ వండలేదు, ఆ పూటే పక్కింటివాళ్లకి ఇచ్చేశాను.

ఆ తర్వాతి వారమంతా ఆమె మా వీధిలో ఇల్లిల్లూ తిరిగింది, చేపలమ్మడానికి కాదు. తను ఆపరేషన్ గురించి ఎవరెవరికి చెప్పిందో వాళ్లందరి గుమ్మాలూ ఎక్కి, నాకు నొప్పి తిరిగొచ్చేసింది, నా మాట మీద ఎవరూ వెళ్లకండి, డాక్టర్ని అడిగి ఆయన చెప్పింది పూర్తిగా వినండి అని చెప్పింది. ఆ మెట్లన్నీ ఎక్కి దిగింది ఆ కాళ్లతో. కొందరు, ఇంత మంచి మనిషి ఉంటుందా అనుకున్నారు. కొందరు, చూశావా, ముందు చెప్పిందంతా అబద్ధమేనన్నమాట అనుకున్నారు. నా ముందే అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల బ్లౌజులు నేను మళ్లీ కుట్టలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఆమె వచ్చేది, కానీ ఆ మనిషి కాదు. మా మెట్టు మీద కూర్చునేది. చుట్ట కాల్చేది. అమ్మ మంచిదేనా అప్పా అంటే, అరచెయ్యి పెట్టడం లేదు, ఆగడం లేదు. చేపని తీసి మొప్ప ఎత్తి, మొహం పక్కకి తిప్పుకుని, సూసుకో అనేది. అంతే. పులుసుకా వేపుడుకా కూడా చెప్పేది కాదు. వీధిలో వాళ్లకి చూసుకోవడం రాదు కదా, కొనడం తగ్గించేశారు. ఆమె గంప సగం నిండుగానే వెనక్కి వెళ్లేది. నాకు ఆ మౌనం చూస్తే భయమేసేది. ఆమె కాళ్లు పోయినా అంత బాధపడేదాన్ని కాదు. ఆ నోరు పోవడం నేను భరించలేకపోయాను.

అమ్మకి నాకన్నా ఎక్కువ కష్టంగా ఉండేది. కొన్నాళ్లు ఓర్చుకుంది. ఒకరోజు ఆమె మొప్ప ఎత్తి చూపిస్తుంటే చెయ్యి పక్కకి నెట్టి, నాకు ఈ మొప్పల ఎరుపులు తెలీవు, నువ్వు చెబితేనే కొంటాను అంది. నేను చెప్పను అంది ఆమె. చెప్పు అంది అమ్మ. నా మాట మీద కొనొద్దప్పా అంది ఆమె. మా అమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఆ రోజు గొంతు పెంచింది. "నీ మాట మీద కాలే ఇచ్చీసినాను. సేపకేటొచ్చింది, సెప్పు."

ఆమె అమ్మ వైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. తర్వాత గోనెపట్టా కప్పి, మెట్టు మీంచి గోడ పట్టుకుని లేచి, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా వీధిలోకి రాలేదు.

నేను అమ్మని తిట్టాను. అలా అంటారా ఎవరైనా, పుండు మీద కారం జల్లినట్టు అన్నాను. అమ్మ తెల్లబోయింది. నేనేం తప్పుమాట అన్నాను, నమ్ముతున్నానని కదా చెప్పాను, ఇంకెలా చెబుతారు నమ్ముతున్నానని అంది. చాలా రోజులు పొద్దున్న పూట గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. స్టేషన్ రోడ్డు వైపు వెళ్లేవాళ్లతో, సేపలప్ప కనిపిస్తే ఒకసారి రమ్మన్నానని చెప్పండి అని కబురు పెట్టింది. కనిపించిందనీ, సరే అందనీ చెప్పేవారు. రాలేదు. మేం చేపలు మరొకరి దగ్గర కొనడం మొదలుపెట్టాం. ఒకటి బాగుంటే రెండు కంపు కొట్టేవి. అమ్మ నోరెత్తకుండా తినేది.

రెండేళ్లయ్యాక ఒక పిల్ల గంపతో మా గేటు ముందు ఆగింది. సన్నగా ఉంది, చెవికి చిన్న పోగులు. ఇదేనా కాలు ఆపరేషన్ చేయించుకున్న అమ్మ ఇల్లు అని అడిగింది. సేపలప్ప కోడలు. నోరెత్తదని ఆమె చెప్పిన కోడలు. అత్త పోయిందని చెప్పింది. జ్వరం వచ్చింది, ఆస్పత్రిలో పెట్టారు, తగ్గలేదు, నెల దాటింది అంది. నేను ఆ పిల్లకి మంచినీళ్లిచ్చాను.

ఆ పిల్ల గ్లాసు తిరిగిచ్చాక అమ్మ అడిగింది. నా మీద కోపం వచ్చే రావడం మానేసిందా, ఆ రోజు నేనన్న మాటకి అని. ఆ పిల్ల కంగారుగా తల అడ్డంగా ఊపింది. కోపం కాదమ్మా అంది. తర్వాత, అత్త మాట గుర్తు చేసుకుంటూ, ఎవరిదో సొమ్ము అప్పజెప్పినట్టు జాగ్రత్తగా చెప్పింది.

"ఆ అప్ప నన్ను ఇంకా నమ్ముతన్నాదే. నాను కనబడితే మంచిదేనా అని మళ్లీ అడుగుతాది. అడిగితే నాను మళ్లీ సెప్పీస్తాను. అందుకే ఎల్లను అనీది మా అత్త."

అమ్మ కాలు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. రెండో మోకాలు కూడా ఈ మధ్య కరకరమంటోంది, దాని మీద. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"నిజమే" అంది చివరికి. "అడుగుదును."